రెండు వణుకులు, ఒకే గది

అందరికీ నమస్కారం. ఇంకాసేపట్లో తెర లేస్తుంది. మేకప్ వేసుకుని కూర్చున్నవాళ్లని ఆపి ప్రసంగం దంచడం పాపం. అందుకని ఈ నాటకం రాసిన రష్యన్ రచయిత గొగోల్ జీవిత చరిత్ర జోలికి పోను. ఒక్క సీను గురించి చెప్తాను.

ఇవాళ మేం ఆడుతున్న నాటకం పేరు 'రెవిజోర్', అంటే తనిఖీకి వచ్చే ఆఫీసరు. లంచాలు మరిగిన ఓ మారుమూల ఊరి అధికార్లకి, అలాంటివాడొకడు పీటర్స్‌బర్గ్ నుంచి గుట్టుగా వస్తున్నాడని తెలుస్తుంది. సత్రంలో దిగిన హ్లెస్తకోవే ఆయన అనుకుంటారు. నిజానికి అతనో చిన్న గుమాస్తా. పేకాటలో డబ్బంతా పోగొట్టుకుని, సత్రంలో తిండికి బాకీ పడి, ఆకలితో ఉన్నాడు.

రెండో అంకంలో ఆ ఊరి మేయరు సత్రంలో అతని గదికి వెళ్తాడు. మేయరు తనని జైల్లో వేయించడానికే వచ్చాడని కుర్రాడు హ్లెస్తకోవ్‌కి వణుకు. ఈ ఆఫీసరు తన కొంప ముంచడానికే వచ్చాడని మేయరుకి వణుకు. కుర్రాడు బెదిరి కేకలేస్తే, అది అధికార దర్పమనుకుని మేయరు ఇంకా కుంగిపోతాడు. రెండొందల రూబుళ్లు అప్పడిగితే నాలుగొందలు చేతిలో కుక్కుతాడు. అవి తీసుకున్నాక గాని మేయరు ప్రాణం కుదుటపడదు. డబ్బు పుచ్చుకున్నాడంటే మనవాడే!

చదివేటప్పుడు ఆ భయాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. స్టేజీ మీద రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఈ నాటకం రాజకీయమంతా అక్కడే ఉందంటాను. అక్కడ మోసగాడు లేడు, భయం ఉంది. మిగతా పని అదే చేసుకుపోతుంది.

1836 ఏప్రిల్‌లో పీటర్స్‌బర్గ్ అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్లో తొలి ప్రదర్శనకి జార్ మొదటి నికొలాయ్ స్వయంగా వచ్చాడు. "అందరికీ తగిలింది, నాకైతే మరీనూ" అన్నాడని చెప్పుకుంటారు. గొగోల్ మాత్రం కుమిలిపోయాడు. హ్లెస్తకోవ్ వేషం కట్టిన ద్యూర్ అతన్ని మామూలు కోతలరాయుడిగా ఆడేశాడు. హ్లెస్తకోవ్ ఎత్తు వేసుకుని అబద్ధమాడేవాడు కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ తన మాట తనే నమ్మేస్తాడు. తనకోసం ముప్ఫై అయిదు వేలమంది వార్తాహరులు వీధుల్లో పరుగెత్తారంటాడు, ఆ క్షణంలో వాళ్లు అతనికి కనిపిస్తారు కూడా. ఇవాళ ఆ వేషం వేస్తున్న కుర్రాడికి నేను పోరు పెట్టింది ఈ ఒక్క విషయం గురించే.

ఇక చివరి మూగ సీను. అసలు ఆఫీసరు దిగాడని కబురొస్తుంది, అందరూ ఉన్నచోటే కొయ్యబారిపోతారు. 1926లో మాస్కోలో దర్శకుడు మేయర్‌హోల్డ్ అక్కడ నటుల బదులు మనిషంత బొమ్మల్ని నిలబెట్టాడు. 1940లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది.

ఆ మౌనం దాదాపు నిమిషంన్నర ఉండాలని గొగోల్ రాశాడు. రిహార్సల్లో ఇరవై సెకన్లకే ఎవరో ఒకరు ఫక్కుమనేవారు. ఇవాళ మావాళ్లు పూర్తిగా నిలబడతామంటున్నారు. నాటకం అయిపోయిందనుకుని ఆ మధ్యలో చప్పట్లు కొట్టకండి, దయచేసి.