క్లాస్ యాక్షన్ డిపోజిషన్‌లో డిఫెన్స్ లాయరు పని

అందరికీ నమస్కారం. మన కోర్టుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ మీకు కొత్త కాదు. అమెరికాలో డిపోజిషన్, అంటే విచారణకు ముందే కోర్టు బయట సాక్షిని ప్రశ్నించి వాంగ్మూలం తీసుకోవడం, అలా ఉండదు. గదిలో జడ్జి ఉండరు. సాక్షితో ప్రమాణం చేయిస్తారు, కోర్టు రిపోర్టరు ప్రతి మాటా ఎక్కిస్తారు. ఫెడరల్ రూల్స్ ప్రకారం మామూలుగా ఒక్కో సాక్షికి ఒకే రోజు, 7 గంటలు. ఆ ఏడు గంటలూ గద్దించి సాక్షి నోరు మూయించాలని చూసే లాయర్లున్నారు. క్లాస్ యాక్షన్‌లో, అంటే ఒకరిద్దరు తమలాంటి ఎంతోమంది (ఆ గుంపే క్లాసు) తరఫున మన క్లయింటు కంపెనీ మీద వేసే దావాలో, అది శుద్ధ దండగ.

ఈ కేసుల్లో అసలు పోరు సర్టిఫికేషన్ దగ్గరే, అంటే క్లాసు తరఫున దావా నడవొచ్చని కోర్టు ఒప్పుకునే దగ్గరే. రూల్ 23 కింద, దావా వేసిన మనిషి గోడు మిగతావాళ్ల గోడు లాంటిదేనా అని కోర్టు చూస్తుంది. కాబట్టి ఆయన అబద్ధాలకోరని తేల్చడం కన్నా, ఆయన సంగతి వేరని ఆయన నోటే రాబట్టడం మేలు. "లేబుల్ చదివారా? ఏది చూసి కొన్నారు? ఎంతిచ్చారు? విషయం తెలిశాక మళ్లీ కొన్నారా?" మెల్లగా అడిగి ఊరుకోండి. చెప్పేది చెప్పనివ్వండి.

క్రెడిట్ రిపోర్టులిచ్చే ట్రాన్స్‌యూనియన్ కంపెనీ మీద వేసిన కేసు చూడండి. 2011లో రమీరెజ్ అనే ఆయన కాలిఫోర్నియాలో కారు కొనబోయారు. ట్రాన్స్‌యూనియన్ రిపోర్టు చూసి, ఆయన పేరు టెర్రరిస్టుల జాబితాలో ఉందంటూ డీలరు అమ్మనన్నాడు. చివరికి కారు ఆయన భార్య కొన్నారు. ఏ జ్యూరీనైనా కదిలించే కథే. కానీ క్లాసులో ఉన్నది 8,185 మంది. వాళ్లలో 6,332 మంది రిపోర్టులు కేసుకు సంబంధించిన కాలంలో ఏ వ్యాపారి చేతికీ వెళ్లలేదు. వాళ్లకు ఆ తప్పుడు సమాచారం మీద నష్టపరిహారం అడిగే అర్హతే లేదని 2021లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. "మీ రిపోర్టు ఎవరు చూశారు?" అన్న చిన్న ప్రశ్నకు అంత బరువుంది.

ఇక మన సాక్షి. రూల్ 30(బి)(6) కింద కంపెనీ తరఫున కూర్చున్నవారు "నాకు తెలీదండీ" అని తప్పించుకోలేరు, కంపెనీకి తెలిసింది కనుక్కుని రావాలి. ఆలోచించకుండా "మా స్టోర్లన్నింట్లో పద్ధతి ఒకటే" అనేశారా, క్లాసును మన చేత్తో మనమే కట్టిచ్చినట్టు. 2011లో లింగ వివక్ష కేసులో వాల్‌మార్ట్ సుమారు 15 లక్షల మంది మహిళా ఉద్యోగుల క్లాసును పడగొట్టింది, జీతాలూ ప్రమోషన్లూ స్థానిక మేనేజర్ల విచక్షణ అన్న వాదనతోనే. నిజంగా పద్ధతి ఒకటే అయితే మాత్రం ఒకటే అని చెప్పనివ్వండి. ఈమెయిళ్లు ఎలాగూ బయటికొస్తాయి, అప్పుడు క్లాసుతో పాటు పరువూ పోతుంది.

అభ్యంతరం ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవాలి. ప్రివిలేజ్ (లాయరుకూ క్లయింటుకూ మధ్య రహస్యం లాంటిది), కోర్టు పెట్టిన పరిమితి, ప్రశ్నించే తీరు మీద కోర్టుకు వెళ్లి ఫిర్యాదు చేయడం, ఈ మూడింటికి తప్ప జవాబు చెప్పొద్దని సాక్షిని ఆపకూడదు. టేబుల్ కింద కాలు తొక్కుదామనుకునేవాళ్లకు చిన్న మాట: చాలా డిపోజిషన్లు వీడియో కూడా తీస్తారు.