గడ్డి కింద రెండు యుద్ధాలు

శ్రోతలకు నమస్కారం. కోట అనగానే మన చూపు రాతిగోడల మీదికే పోతుంది. ఈ పూట నేను చెప్పబోయేది మాత్రం ఒక మట్టిగట్టు సంగతి.

ఇంగ్లండుకు దక్షిణాన, డోర్సెట్‌లో, గుట్ట మీద కార్ఫ్ కోట ఉంది. 1640లలో రాజు చార్లెస్‌కీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం వస్తే ఈ కోటను కాపాడింది ఒక ఇల్లాలు, లేడీ మేరీ బ్యాంక్స్. భర్త రాజు కొలువులో ఉన్నాడు. 1643 ముట్టడిలో ఆమె కూతుళ్లనూ పనివాళ్లనూ వెంటబెట్టుకుని, నిచ్చెనలెక్కి వస్తున్న సైనికుల మీద రాళ్లూ నిప్పులూ కుమ్మరించింది. ఈవిడ గురించే గంటసేపు చెప్పాలని ఉంది నాకు. ఏం చేస్తాం, టైమ్ లేదు.

మన గట్టు దగ్గరికి వద్దాం. కోటకు నైరుతిన, ఫిరంగి అందే దూరంలో, గడ్డి కప్పేసిన గుండ్రటి గట్టు ఉంది. చుట్టూ కందకం. అక్కడివాళ్లు 'ది రింగ్స్' అంటారు. పార్లమెంటు సేన ఫిరంగులు పెట్టుకున్నది ఇక్కడే.

కానీ ఈ గట్టు పోసింది వాళ్లు కాదు. 1139లో స్టీఫెన్ రాజు ఇదే కోటను ముట్టడించాడు. అప్పుడూ అంతర్యుద్ధమే! సింహాసనం కోసం మేనమామ కూతురు మెటిల్డాతో తగవు. ఆ ముట్టడికి పోసిన గట్టు ఇది. కోట చిక్కలేదు, రాజు వెళ్లిపోయాడు, గట్టు మిగిలింది. 500 ఏళ్ల తర్వాత ఫిరంగులవాళ్లు వచ్చి, దాన్నే తమకు వీలుగా సవరించుకున్నారు. అదే కోట, అదే గట్టు, మళ్లీ అంతర్యుద్ధం.

ఫిరంగుల కాలంలో మట్టి ఎందుకంటారా? గుండు తగిలితే రాయి పగులుతుంది, పెచ్చులెగిరి పక్కవాడి ప్రాణం తీస్తాయి. మట్టయితే గుండును మింగేస్తుంది.

చివరికి 1646లో కోట పడింది ఫిరంగులకు కాదు, లోపలివాడి ద్రోహానికి. తర్వాత మందుగుండు పెట్టి పేల్చేశారు. కొన్ని గోడలు ఇప్పటికీ ఒరిగే ఉన్నాయి. ఊడిన రాళ్లను ఊళ్లోవాళ్లు ఇళ్లకు వాడుకున్నారు. మట్టిని ఎవరు పట్టుకుపోతారు?

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పాత కోట చూడ్డానికి వెళ్తే మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. అప్పుడు కనిపించేది ఉత్త గడ్డే. సాయంత్రం ఎండ వాలాక వెళ్లి, గోడ వదిలేసి బయటి నేల చూడండి. మూరెడు ఎత్తు గట్టుకైనా నీడ పడుతుంది. ఆ నీడ వెంట నడవండి.