ర్యాంపుల మధ్య పచ్చదనం: నీళ్లు పోసే మనిషి వైపు నుంచి చూస్తే

అందరికీ నమస్కారం.

ఇంటర్‌చేంజ్ అంటే పెద్ద రోడ్లు ఒకదాని మీదుగా ఒకటి దాటే కూడలి. ఆ మాట అనగానే మనం రోడ్డు గురించే మాట్లాడుకుంటాం. ఒక రోడ్డునుంచి ఇంకో రోడ్డుకు ఎక్కించే ర్యాంపు ఎంత వంపు తిరగాలి, బ్రిడ్జి ఎంత ఎత్తుండాలి అని. ఆ వంపుల లోపల మిగిలే నేల గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్తాను. అదేమీ చిన్న స్థలం కాదు. గుండ్రంగా తిరిగే ర్యాంపును లూపు అంటారు. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఒక్క లూపు లోపల దాదాపు 7,850 చదరపు మీటర్లుంటుంది, అంటే రెండెకరాలకు కాస్త తక్కువ. నాలుగు లూపులతో, పైనుంచి చూస్తే నాలుగు రేకుల ఆకులా కనబడే క్లోవర్‌లీఫ్ ఇంటర్‌చేంజ్ అయితే ఎనిమిదెకరాల దాకా వస్తుంది. ఈ ఆకారానికి అమెరికాలో ఆర్థర్ హేల్ పేటెంట్ తీసుకున్నది 1916లో. ఈ వందేళ్లలో రోడ్డు లెక్కలు ఎంతో మెరుగుపడ్డాయి. లోపలి నేలను మాత్రం చాలాచోట్ల ఇంకా పని అయ్యాక మిగిలిన ముక్కలాగే చూస్తున్నారు.

ఒక లూపు దగ్గర నేను అరగంట నిలబడి చూశాను. ట్యాంకర్ ఆపడానికి చోటు లేదు. డ్రైవరు ర్యాంపు అంచునే ఆపేసి ఇండికేటర్ వేశాడు. ఒకామె పైపు భుజాన వేసుకుని ర్యాంపు దాటాలని చూస్తోంది. రెండడుగులు వేస్తుంది, బండి కనబడగానే వెనక్కి వచ్చేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది. వంపు చాటునుంచి బయటపడిందంటే ఆమెకు ఎంత టైముంటుందో ఆలోచించండి. ఎలాగో అవతలికి చేరింది. పైపు వదిలితే నీళ్లు వాలు మీదుగా జారి మళ్లీ రోడ్డు మీదికే వచ్చాయి. మొక్క చుట్టూ పాదు కట్టలేదు. అంత భయపడుతూ వెళ్లి పోసిన నీళ్లు వేరుకు అందలేదు.

అప్పటినుంచి ఏ డ్రాయింగ్ చూసినా నేను ముందు మొక్కల పేర్లు చదవను. బండి ఎక్కడ ఆపుతారు, మనిషి ఎటునుంచి లోపలికి వెళ్తాడు, నీళ్లు ఎలా వస్తాయి అని వెతుకుతాను. రోడ్డు వేయకముందే ర్యాంపు కింద అడ్డంగా ఒక ఖాళీ పైపు వేసి పెడితే చాలు, తర్వాత అందులోంచి నీటి లైను ఎప్పుడైనా లాగొచ్చు. అప్పుడది చిన్న పని. రోడ్డు పూర్తయ్యాక అదే పనికి తారు కోయాలి, ట్రాఫిక్ ఆపాలి. అందుకే ఎవరూ ఆ జోలికి పోరు.

ఇక మట్టి. రోడ్డు కింది మట్టికట్టను రోలర్లతో తొక్కించి గట్టిపరచడం రోడ్డుకు అవసరం. అయితే బండ్లూ మిషన్లూ తిరిగి తిరిగి లూపు నేల కూడా అలాగే బిగుసుకుపోతుంది. పైగా కాంక్రీటు ముక్కలు, సిమెంటు నీళ్లు అందులోనే కలుస్తాయి. గునపం దిగని చోట వేరెలా దిగుతుంది? ముందు నేలను లోతుగా గుల్ల చేసి, చివికిన ఎరువు కలిపి, ఆ తర్వాతే గుంతలు తీయాలి. బ్రిడ్జి కింద వాన పడదు, ఎండ రాదు. అక్కడ మొక్కల కోసం తంటాలు పడకుండా రాళ్లు పరిచేయడమే మేలు.

చెట్టు ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. మెయిన్ రోడ్డునుంచి ర్యాంపు చీలే మూలలో అదుపు తప్పిన బండి దూసుకొచ్చే అవకాశం ఎక్కువ. అక్కడ చెట్టు వద్దు, అందానికి పెట్టే బండరాయి అసలే వద్దు. మొదలు మందం 10 సెంటీమీటర్లు దాటిన చెట్టును రోడ్డు భద్రత లెక్కల్లో గుద్దుకుంటే ప్రాణం తీసే అడ్డంకిగానే చూస్తారు. వంపు లోపలి అంచున డ్రైవరు చూపుకు అడ్డురాని పొట్టి మొక్కలే ఉండాలి. వాలు మీద వట్టివేరు గడ్డి మంచిది. దాని వేళ్లు నిలువునా మూడు మీటర్ల దాకా దిగి మట్టిని పట్టి ఉంచుతాయి.

గడ్డి కోసే వేళ కూడా ముఖ్యమే. టెక్సాస్‌లో రోడ్ల పక్క పూలగడ్డిని విత్తనం ముదిరేదాకా కోయకుండా ఆగుతారు. దాంతో మరుసటేడు అదే మళ్లీ మొలుస్తుంది. కానీ వంపుల దగ్గర, సైన్‌బోర్డుల ముందు అలా ఆగడానికి లేదు, పెరిగిన వెంటనే కోయాలి. కోసిన గడ్డి ఎత్తకపోతే తూముకు అడ్డం పడి, మొదటి వానకే ర్యాంపు మీద నీళ్లు నిలుస్తాయి.

నన్ను బాగా బాధపెట్టింది ఇంకొకటుంది. ఒక చెట్టుకు నాటిన రోజు కర్రకు కట్టిన తాడు మూడేళ్లయినా అలాగే ఉంది. బెరడు దాని మీదుగా ఉబ్బి, తాడు లోపలికి కూరుకుపోయింది. కత్తితో కోస్తే సగమే వచ్చింది. ఏడాదికే విప్పాల్సిన తాడది. కాంట్రాక్టరు గడువు ముగిసింది. ఆ తర్వాత నేల రోడ్డు శాఖదా, నగరానిదా తేలలేదు. తేలేలోపు ఎవరూ అటు వెళ్లలేదు. ఒప్పందం రాసేటప్పుడే గడువు తర్వాత ఎవరు చూసుకుంటారో, దానికి ఏటా డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో పేరుపేరునా రాయించండి. తాడు విప్పే నెల కూడా రాయించండి.

మీరు తెచ్చిన డ్రాయింగులు బల్ల మీద పరవండి. ట్యాంకర్ ఆగే చోటునుంచి మొదలుపెట్టి చూద్దాం.