క్యూజీఐఎస్ రివ్యూ: మన వీధులు, మన అక్షరాల్లో

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి ఒక ఆన్‌లైన్ కోర్సు వాళ్లు డబ్బులిచ్చారు. మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ మాత్రం ఎవరికైనా ఉచితమే. ఫీచర్ల లిస్టు మీరు ఇప్పటికే చాలా చోట్ల చూసి ఉంటారు. అందుకే నేరుగా నాకు బాగా నచ్చిన క్విక్‌ఓఎస్‌ఎమ్ ప్లగిన్ దగ్గరికి వెళ్దాం. ఎవరైనా మార్పులు చేయగల ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది కదా, దాని డేటాని నేరుగా క్యూజీఐఎస్‌లోకి తెచ్చేది ఇదే.

ఇంతకుముందు నేను ఇదే డేటాని ప్రాంతాలవారీ ఫైళ్లుగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైట్ నుంచి దించుకునేవాణ్ని. విజయవాడలో నాలుగు వీధులు కావాలన్నా సదరన్ జోన్ ఫైలు మొత్తం దిగాలి. పైగా ఆ షేప్‌ఫైల్‌లో, అంటే ఆ మ్యాప్ డేటా ఫైల్లో, పేరుకు ఒక్కటే కాలమ్. ఎవరో ఓపిగ్గా తెలుగు పేరు ఎక్కించి ఉన్నా అది మనదాకా రాదు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. కీ దగ్గర హైవే (ఈ డేటాలో రోడ్లన్నిటికీ అదే గుర్తు), ఊరి దగ్గర విజయవాడ అని కొట్టి, రన్ క్వెరీ నొక్కాను. బందరు రోడ్డు నుంచి వన్‌టౌన్ సందుల దాకా గీతలన్నీ వచ్చేశాయి. టేబుల్ తెరిస్తే కాలమ్‌లు బోలెడు. వాటిలో నేమ్, కోలన్, టీఈ అని ఉన్నదే తెలుగు పేరు. లేబుల్స్‌లో కోయలెస్ ఫంక్షన్ పెట్టి, ముందు తెలుగు పేరు, అది లేకపోతే మామూలు పేరు రమ్మని చెప్పాను. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు.

ఇది చూడండి, జూమ్ చేస్తున్నా. వత్తులు ఎంత చక్కగా కూర్చున్నాయో! నేను అంతకుముందు వాడిన ఒక పెయిడ్ సాఫ్ట్‌వేర్‌లో ‘స్టేషన్ రోడ్డు’ అని రాస్తే వత్తు విడిపోయి పక్కన పడేది. ప్రతి మ్యాప్‌కీ అదే టెన్షన్. ఇక్కడ ఆ గొడవే లేదు.

చిరాకు పెట్టేది బఫర్, అంటే రోడ్డు చుట్టూ ఇంత దూరం అని గీసే పట్టీ. రోడ్డుకు 50 మీటర్ల బఫర్ కావాలని 50 కొడతారు. ఈ డేటా 4326 అనే కోఆర్డినేట్ సిస్టమ్‌లో వస్తుంది, అంటే కొలత డిగ్రీల్లో. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు! మీ బఫర్ దేశం దాటిపోతుంది. ముందు రీప్రాజెక్ట్‌తో మీటర్లలో కొలిచే 32644 సిస్టమ్‌కి మార్చుకోండి, విజయవాడకీ హైదరాబాద్‌కీ అదే సరిపోతుంది. ఇంత ముఖ్యమైన సంగతిని సాఫ్ట్‌వేర్ ఇంకా గట్టిగా హెచ్చరించాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తున్నారు, అది నాకు నిజంగా బాధ.

ఇంకోటి, వచ్చిన లేయర్ టెంపరరీ. జియోప్యాకేజ్ అనే ఫైల్‌గా సేవ్ చేయకుండా మూసేస్తే పోయినట్టే.

అయినా నా ఓటు దీనికే, తెలుగు లేబుల్స్ ఒక్కటి చాలు. మ్యాప్ ప్రింట్ తీస్తే మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్స్ అని తప్పకుండా వేయండి, అది లైసెన్స్ షరతు. మీ వీధికి తెలుగు పేరు లేకపోతే ఆ సైట్‌లో అకౌంట్ తెరిచి మీరే చేర్చండి. ఎలాగో వచ్చే వీడియోలో చేసి చూపిస్తా.