హూఈజ్ పోయింది, ఆర్‌డాప్ వచ్చింది (అంటున్నారు)

లత: నమస్కారం. పోయినసారి మాటిచ్చాం కాబట్టి ఈసారి ఆర్‌డాప్.

శేఖర్: అదేంటో ముందు చెప్పు.

లత: (నవ్వు) సరే, గబగబా చెప్పేస్తా. డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, ఎప్పుడు కొన్నారు, గడువెప్పుడు అని చూడటానికి ఇన్నాళ్లూ హూఈజ్. 1982 నాటిది. సర్వర్‌లో పోర్టు 43 అనే తలుపుకి పేరు పంపితే ఉత్త టెక్స్ట్ వస్తుంది. డొమైన్ల చిట్టా నడిపే రిజిస్ట్రీలు, ఒక్కోదానిది ఒక్కో వరస.

శేఖర్: ఆ టెక్స్ట్‌లోంచి వివరాలు విడదీసే నా స్క్రిప్టు నిండా 'ఇలా ఉంటే అలా' అనే ఇఫ్‌లే.

లత: ఆర్‌డాప్‌లో అదే సమాచారం వెబ్‌సైట్లు వాడే భద్రమైన దారి హెచ్‌టీటీపీఎస్ మీద, ప్రోగ్రాములు సులువుగా చదివే జేసన్ రూపంలో, అందరిదీ ఒకే తీరు. 2015లో ప్రమాణమైంది. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటివాటికి హూఈజ్ నడపక తప్పదన్న నిబంధనను డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ ఎత్తేసింది.

శేఖర్: తెలుగు సంగతి?

లత: మొదలైంది!

శేఖర్: హూఈజ్‌లో అక్షరాలు ఏ ఎన్‌కోడింగో, అంటే ఏ కోడ్ లెక్కన రాశారో, చెప్పే దారే లేదు. మనకేమో తెలుగు లిపిలో డాట్ భారత్ ఉంది. ఆర్‌డాప్‌లో అన్ని లిపులకీ పనికొచ్చే యూనికోడ్ పేరుకి ప్రత్యేకంగా చోటిచ్చారు.

లత: చాలు బాబూ. డాట్ మొబీ డొమైన్ల కథ చెప్పు.

శేఖర్: ఆహా, అది! 2024లో వాచ్‌టవర్ అనే సంస్థ పరిశోధకులు చేసిన పని. డాట్ మొబీ హూఈజ్ సర్వర్ వేరే చోటికి మారింది. పాత సర్వర్ ఉన్న డొమైన్‌ను రెన్యూ చేయలేదు. వీళ్లు 20 డాలర్లకి కొనేసి, అక్కడ సొంత సర్వర్ పెట్టారు. ఇల్లు మారినా ఉత్తరాలు పాత అడ్రసుకే వచ్చినట్టు, కొద్ది రోజుల్లో 25 లక్షల క్వెరీలు! ప్రభుత్వ మెయిల్ సర్వర్ల నుంచి కూడా.

లత: అసలు భయం, సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లది కదా?

శేఖర్: అదే. డొమైన్ యజమానిని నిర్ధారించుకోవడానికి హూఈజ్‌లోని ఈమెయిల్‌ను నమ్మే సర్టిఫికెట్ సంస్థలు అప్పట్లో ఉండేవి. మైక్రోసాఫ్ట్ డాట్ మొబీకి వీళ్లు తమ ఈమెయిల్ చూపిస్తే, ఒక సంస్థ దాన్నే తీసుకుంది. సర్టిఫికెట్ మాత్రం వీళ్లు తీసుకోలేదు, అక్కడితో ఆగారు. ఆర్‌డాప్ ఉంటే ఇదంతా జరిగేదా?

లత: ఎందుకు జరగదు?

శేఖర్: హెచ్‌టీటీపీఎస్ ఉందిగా!

లత: డొమైన్ కొన్నవాడికి సర్టిఫికెట్ కూడా వస్తుంది శేఖర్. తాళం బాగుంటే సరిపోదు.

శేఖర్: ...సరే. కానీ ఏ డొమైన్‌కి ఏ సర్వరో, ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల చిట్టా చూసే ఐయానా జాబితా ఇస్తుంది. కోడ్‌లో అడ్రసు రాసుకోనక్కర్లేదు.

లత: నువ్వు రాయవా?

శేఖర్: నన్నెందుకు లాగుతావు?

లత: ఇఫ్‌లవాడివి కాబట్టి. (నవ్వు) సర్లే, అలగకు. ఒక శ్రోత అడిగారు, యజమాని పేరు కనబడటం లేదు, ఆర్‌డాప్ వల్లేనా అని. కాదండీ. 2018 మేలో యూరప్ గోప్యతా చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచే దాస్తున్నారు. ఆర్‌డాప్‌లో లాగిన్‌ని బట్టి ఎక్కువ వివరాలు చూపించే వీలుంది. ఎవరికి చూపించాలన్న దాని మీద కొట్లాట ఇంకా నడుస్తోంది.

శేఖర్: మరి డాట్ ఇన్?

లత: దేశాల డొమైన్లకి ఆ ఐకాన్ నిబంధన వర్తించదు. ఎవరి నిర్ణయం వాళ్లదే.

శేఖర్: అంటే డాట్ భారత్‌కి కూడా...

లత: కూడా. ఆపేస్తున్నా.