నీలం, కలెక్టరు, సువర్ణరేఖ: థీమ్ పెట్టుకుని గళ్లనుడికట్టు అల్లడం

మిత్రులందరికీ నమస్కారం.

గళ్లనుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, నింపేవాళ్లు ఈ గదిలో చాలామందే ఉన్నారు. ఆదివారం అనుబంధం మీద ముందు ఎవరు పెన్ను పెట్టాలో ఇంట్లో గొడవపడేవాళ్లూ ఉంటారు. ఈ రోజు నేను మాట్లాడేది నింపడం గురించి కాదు, తయారుచెయ్యడం గురించి. అందులోనూ ఒక థీమ్ పెట్టుకుని అల్లడం గురించి.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన వజ్రాకారపు పజిల్‌తో ఇప్పటి క్రాస్‌వర్డ్ మొదలైందంటారు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ ఈ పని సరదాగా చేశారు. అంతకు చాలాముందే మన ప్రబంధకవులు నాగబంధం, చక్రబంధం అంటూ ఒకే అక్షరం రెండు దారుల్లో చదివించే పద్యాలు రాశారు. కాబట్టి అక్షరాలను గళ్లలో బంధించే పిచ్చి మనకి అరువు తెచ్చుకున్నదేమీ కాదు.

థీమ్ అంటే జాబితా అనుకుంటారు చాలామంది. పది నదుల పేర్లు గళ్లలో పడేసి "నదుల ప్రత్యేకం" అని పైన రాస్తే థీమ్ అయిపోదు, భూగోళం పరీక్ష అవుతుంది. థీమ్‌లో ఒక మెలిక ఉండాలి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1996 నవంబరు 5, అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజున న్యూయార్క్ టైమ్స్‌లో జెరెమయా ఫారెల్ కూర్చిన పజిల్. మర్నాటి పత్రికలో పతాక శీర్షిక ఏమిటన్నది అందులో ఒక ఆధారం. క్లింటన్ అని నింపినా సరిపోతుంది, బాబ్ డోల్ అని నింపినా సరిపోతుంది. ఇంగ్లీషులో రెండూ ఏడేసి అక్షరాలే. అడ్డంగా ఉన్న పేరు మారితే నిలువు మాటలూ మారాలి కదా, వాటి ఆధారాలు కూడా రెండు జవాబులకూ అతికేలా రాశాడాయన. హాలోవీన్ నాటి నల్లటి జంతువు అన్నాడు: క్యాట్ అన్నా ఒప్పే, బ్యాట్ అన్నా ఒప్పే. ఎవరు గెలిచినా పజిల్ ఓడిపోదు. పత్రిక ముందే ఒక పక్షం చేరిందని పాఠకులు కోప్పడ్డారట కూడా!

ఇక మన సంగతికి వద్దాం. మామిడిపండ్లు తీసుకుందాం, సీజను కాకపోయినా నోరూరుతుంది. ఉత్త పండ్ల పేర్లయితే మళ్లీ జాబితానే. అందుకని ఒక షరతు పెడతాను: తోటలో ఒక అర్థం, తోట బయట ఇంకో అర్థం ఉన్న పేర్లే రావాలి. ఇప్పుడు చిన్నరసం, పెద్దరసం పక్కకి తప్పుకుంటాయి. నీలం ఉంటుంది, అది రాయి కూడా. కలెక్టరు ఉంటాడు. తోతాపురిని మనం కలెక్టరు కాయ అనే కదా అడిగేది. చెరుకురసం ఉంటుంది, బండి దగ్గర గ్లాసులో పోసి ఇస్తారు. సువర్ణరేఖ నది కూడా. బంగినపల్లి ఊరు.

ఊరు దగ్గరే చిక్కొచ్చింది. నంద్యాల జిల్లాలోని ఆ ఊరిని ఇప్పుడు బనగానపల్లె అని రాస్తాం, అది ఆరు గళ్లు. పండేమో బంగినపల్లి, ఐదు గళ్లు. షరతు కచ్చితంగా పాటిస్తే దాన్ని తీసెయ్యాలి. మామిడి పజిల్లో బంగినపల్లి లేకపోతే ఎవరైనా ఊరుకుంటారా? ఆధారంలో సర్దేశాను: "నవాబుల ఊరే, రసంలో నాని ఒక గడి తగ్గింది". ఇలాంటి సర్దుబాట్లు ఒక పజిల్లో ఒకటి వరకూ ఫరవాలేదు. రెండయితే బద్ధకం.

ఇప్పుడు అసలు కష్టం. ఇంగ్లీషువాడికి ఒక్కో గడిలో పట్టేది ఇరవయ్యారింటిలో ఒకటి. మనకి గడికి ఒక అక్షరం, అంటే గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిపి ఒకటే గడి. 'ల్లి' మనకి ఒక గడి. కంప్యూటరు దాన్నే ల, పొల్లు, ల, గుడి అని నాలుగు సంకేతాలుగా దాచుకుంటుంది. అందుకే ఇంగ్లీషు కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పోస్తే గళ్ల లెక్క తప్పుతుంది. నేను ఇప్పటికీ గళ్ల కాగితం, పెన్సిలు, రబ్బరు వాడేది అందుకే. పాతకాలం మనిషినని కాదు, కొంత అదీ ఉందనుకోండి.

ఈ అక్షరాలకి కొన్ని పట్టుదలలున్నాయి. బంగినపల్లిని పజిల్ పై వరసలో పెట్టి చూడండి. బం కిందికి బంతి దిగుతుంది, గి కింద గిన్నె, న కింద నత్త, ప కింద పలక. ల్లి దగ్గర ఆగిపోతాం. ద్విత్వంతో మొదలయ్యే మాట తెలుగులో లేదు. అదే పేరుని అట్టడుగు వరసకి దించండి. ఇప్పుడు నిలువు మాటలు దాని మీద వచ్చి ముగియాలి. కుటుంబం, రాగి, వాన, చేప, బల్లి. ఒక్క గడి కూడా మొరాయించలేదు! చెరుకురసం సరిగ్గా పై వరసకి పుట్టింది: చెవి, రుచి, కుక్క, రథం, సంత. రెండూ ఐదేసి గళ్లవి కాబట్టి ఒకటి పైన, ఒకటి కింద, సౌష్ఠవం కూడా కుదిరింది. సువర్ణరేఖలో ర్ణ ఉంది, అది మాట మొదట రాదు, కనుక దాన్ని నిలువుగా నిలబెట్టి ర్ణ మీదుగా అపర్ణనో పర్ణశాలనో అడ్డంగా పోనివ్వాలి. పేరు ఎక్కడ కూర్చోవాలో నేను నిర్ణయించడం లేదు, దాని అక్షరాలే చెబుతున్నాయి. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే.

కలెక్టరుతో ఇంకో తమాషా. అందులో మూడో గడి క్ట. దాన్ని ఖండిస్తూ పోయే మాట కోసం ఎంత వెతికినా డాక్టరు, ట్రాక్టరు, ఫ్యాక్టరీ వస్తాయి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటని ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటే దాటాలి. నేను ట్రాక్టరు వేశాను, మామిడికాయల లోడు ఎత్తేది అదే కదా అని.

మరి 'ల్లి'తో ముగిసే మాటలు ఎక్కడ వెతకాలి? నిఘంటువు తెరిస్తే మొదటి అక్షరం వరసే దొరుకుతుంది. మనకి కావలసింది తోక. కాబట్టి తోకల వారీగా సొంత నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. బస్సులో కూర్చుని కూడా రాసుకోవచ్చు: తల్లి, చెల్లి, బల్లి, ఉల్లి, మల్లి. పక్కసీటువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

సౌష్ఠవం గురించి నా అభిప్రాయం వేరు. న్యూయార్క్ టైమ్స్ పద్ధతిలో నల్లగళ్లు తలకిందులు చేసినా అదే ఆకారం రావాలి, రెండక్షరాల మాటలు కూడదు. మనం రెండక్షరాల మాటలు మానేస్తే తల, నది, వాన, పండు అన్నీ పోతాయి, భాషలో సగం ప్రాణం పోతుంది. సౌష్ఠవం కంటికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. దాని కోసం ఎవరూ అనని, ఎవరూ వినని ఒక నిఘంటువు మాటని తెచ్చి ఇరికించాల్సి వస్తే మాత్రం నేను సౌష్ఠవాన్నే వదిలేస్తాను.

ఆధారాలు చివర రాయండి, హడావిడిగా కాదు. తలని తిప్పితే లత, ఇలాంటివి నడుమ నడుమ చాలు. థీమ్ మాటలకి మాత్రం రెండు అర్థాలూ ఒకే వాక్యంలో ఇమడాలి. నీలానికి నేను రాసుకున్నది: "రాయైతే ఉంగరంలో, కాయైతే సీజను చివర్లో". కలెక్టరుకి: "జిల్లాకి ఒకరు, చెట్టుకి వందలు". సువర్ణరేఖకి: "జార్ఖండ్‌లో పుట్టి బంగాళాఖాతంలో కలిసే పండు". ఈ చివరిది చదివి ఒక మిత్రుడు పండు సముద్రంలో ఎలా కలుస్తుందయ్యా అని వాదానికి దిగాడు. జవాబు దొరికాక అతనే మిగతావాళ్లకి ఈ ఆధారం అప్పజెప్పాడు. పూర్తయిన పజిల్‌ని అచ్చుకిచ్చే ముందు అలాంటి తగాదాకోరు ఒకరికి చూపించాలి. బాగుందండీ అని ఊరుకునేవాళ్ల వల్ల ప్రయోజనం లేదు.

ఇక మీకో పని. ఈ మామిడి పజిల్లో ఒక పేరు నాకింకా ఇమడలేదు: కొత్తపల్లి కొబ్బరి. ఏడు గళ్లు. త్త, ల్లి, బ్బ మూడు ద్విత్వాలు, కాబట్టి పై వరసలో కూర్చోదు. రెండు 'కొ'లు ఉన్నాయి, కొ అనే హ్రస్వంతో ముగిసే మాట తెలుగులో నాకు తట్టలేదు, కాబట్టి అడుగు వరసలోనూ కుదరదు. మధ్యలోనే పెట్టాలి. ఒక 'కొ' మీదుగా మేలుకొలుపు నిలువుగా దిగుతుంది, అది దొరికింది. బ్బ దగ్గర దెబ్బ ఉంది. రెండో 'కొ' మీదుగా, రెండు వైపులా మాట సాగేలా ఇంకొకటి కావాలి. గళ్ల కాగితాలు వెనక బల్ల మీద పెట్టాను, టీ తాగుతూ ప్రయత్నించండి.