‘కొంచెం’ అంటే ఎంత? – తిండి సంగతులపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ స్టూడియో నుంచి ఆరోగ్యం ఫోన్-ఇన్. రోజువారీ తిండిపై మీ సందేహాలకు పోషకాహార నిపుణురాలు జవాబిస్తారు. మొదటి ఫోను దిల్‌సుఖ్‌నగర్ నుంచి.

శ్రోత: నమస్తే డాక్టరు గారూ. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలైనా పెరగలేదు.

నిపుణురాలు: మాత్ర ఎప్పుడు వేసుకుంటారమ్మా?

శ్రోత: మధ్యాహ్నం భోజనం కాగానే, టీతో పాటు.

నిపుణురాలు: అదీ సంగతి. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. అప్పటికీ పెరగకపోతే కారణమేమిటో మీ డాక్టరు చూడాలి.

శ్రోత: ఇరానీ చాయ్ అయితే?

నిపుణురాలు: అది టీ కాదా అమ్మా?

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మల్కాజిగిరి నుంచి, చెప్పండి.

శ్రోత: నమస్కారమమ్మా. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మూడు నెలల సగటు చక్కెర 6.2 వచ్చింది. మా అల్లుడు అన్నం మానేయమన్నాడు. జొన్నరొట్టెకు మారాను. పొద్దున రాగిజావ. మా చిన్నప్పుడు పాలమూరులో అందరమూ జొన్నలే తినేవాళ్లం. మా నాన్నగారైతే ఎనభై దాటినా పొలానికి నడిచే వెళ్లేవారు, ఒకసారి వరదల్లో...

నిపుణురాలు: మాస్టారూ, ప్రశ్న ఏమిటి?

శ్రోత: జొన్నరొట్టె తింటే షుగరు రాదు కదా?

నిపుణురాలు: ఎన్ని తింటారు?

శ్రోత: కొంచెమేనమ్మా.

నిపుణురాలు: కొంచెం అంటే ఎంత?

శ్రోత: మూడు. ఒక్కోసారి నాలుగు. చివర్లో కొంచెం పెరుగన్నం.

నిపుణురాలు: మళ్లీ కొంచెం! వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, జొన్నల్లో 68. తేడా ఎంతో మీరే చెప్పండి. జొన్నల్లో పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ నాలుగు రొట్టెల మీద అన్నం కూడా వేసుకుంటే ఆ లాభం పోయినట్టే. 6.5కి చేరితే మధుమేహం అంటాం, మీరు ఎంతో దూరంలో లేరు. మీ నాన్నగారు జొన్నలు తిని పొలానికి నడిచారు. మీరు తిని ఎక్కడికి వెళతారు?

శ్రోత: టీవీ ముందుకు. తొమ్మిదిన్నరకు తింటాము.

నిపుణురాలు: ఎనిమిదికల్లా తినండి. రెండు రొట్టెలు, వాటికి రెట్టింపు కూర, గట్టి పప్పు. అన్నం కావాలంటే ఒక రొట్టె తగ్గించి ఒక్క కప్పు, కొలిచి. తర్వాత పావుగంట నడవండి. మందుల సంగతి డాక్టరుతోనే మాట్లాడాలి.

శ్రోత: సరేనమ్మా. ఇంతకీ జొన్నరొట్టె మంచిదేనంటారా?

నిపుణురాలు: మాస్టారూ, ఇప్పటిదాకా చెప్పింది అదే కదా! మంచిదే. రెండు.

శ్రోత: మా ఆవిడ మాట్లాడుతుందట.

శ్రోత భార్య: నమస్తే అమ్మా. సాయంత్రం మిక్చరు సంగతి ఆయన చెప్పలేదు. ఆవకాయ లేకుండా ముద్ద దిగదు. పెరుగన్నంలో కూడా.

నిపుణురాలు: మంచి పని చేశారమ్మా. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. కూరలు, పచ్చళ్లు, మిక్చరు, అన్నీ కలిపి. బీపీ కూడా చూపించుకోమనండి. మిక్చరు డబ్బా ఆయనకు అందని చోట పెట్టండి.

శ్రోత భార్య: పెట్టాను. కుర్చీ వేసుకుని తీస్తారు.

వ్యాఖ్యాత: (నవ్వు) ధన్యవాదాలు. మాదాపూర్ నుంచి.

శ్రోత: మేడం, నాది రాత్రి డ్యూటీ. తెల్లవారి ఐదుకు బిర్యానీ తిని పడుకుంటాను. గ్యాస్...

నిపుణురాలు: తినగానే పడుకోవద్దు బాబూ. పెద్ద భోజనం డ్యూటీకి ముందు ముగించండి. ఇంటికి వచ్చాక ఇడ్లీనో, పెరుగో...

వ్యాఖ్యాత: లైను కట్ అయింది. చివరి ఫోను, ఉప్పల్.

శ్రోత: ఏ నూనె మంచిది మేడం? వేరుశనగా, సన్‌ఫ్లవరా?

నిపుణురాలు: నెలకు ఎంత వాడతారు?

శ్రోత: కొంచెమే.

నిపుణురాలు: ప్యాకెట్లు చెప్పండి! మనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాములు చాలు. నలుగురుంటే నెలకు మూడున్నర లీటర్లు.

శ్రోత: నలుగురమే. ఆరు లీటర్లు. పండగ నెలలో ఎనిమిది.

నిపుణురాలు: అయితే నూనె పేరు తర్వాత మాట్లాడుకుందాం.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. డాక్టరు గారికి, ఫోను చేసిన అందరికీ ధన్యవాదాలు. నమస్కారం.